ప్రయోగశాలయందు మూగజీవులు

కళాశాలలో జంతుశాస్త్రము చదివిన శ్రోతలకు కప్పను కోసిన దినము జ్ఞాపకముండకపోదు. మేమును కోసితిమి. మైనపు పళ్లెములో కప్పను వెల్లకిల పరుండబెట్టి, నాలుగు కాళ్లకును గుండుసూదులు గ్రుచ్చి, కత్తెరతో పొట్టచర్మమును విప్పినప్పుడు, ఇంకను కొట్టుకొనుచున్న గుండె కనిపించెడిది. ఆ యేడు మా తరగతిలో ఎన్ని కప్పలు పోయినవో ఎవరును లెక్కింపలేదు. లెక్కింపవలెనని ఎవరికిని తోచలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2014లో జంతుశాస్త్ర తరగతులలో ఈ కోతలను నిషేధించినది. అయితే పరిశోధనాలయములలో జంతువులపై ప్రయోగములు నేటికిని జరుగుచున్నవి. అచ్చట మాత్రము "ఎన్ని? ఎందుకు?" అని అడుగువారు ఏర్పడినారు. వారినిగూర్చి నేడు ముచ్చటింపదలచినాము.

ఈ ప్రయోగములన్నియు క్రూరత్వమేయని త్రోసివేయుట సులభము. కాని 1937లో అమెరికాలో జరిగిన ఘోరమును ఒకమారు తలచుకొనవలెను. సల్ఫనిలమైడ్ అను మంచి మందును, త్రాగుటకు వీలుగానుండునని, ఒక తియ్యని ద్రవములో కరగించి అమ్మిరి. ఆ ద్రవము విషమగునేమో యని ముందుగా ఏ ప్రాణికిని ఇచ్చి చూడలేదు. నూరుమందికి పైగా మరణించిరి. వారిలో పిల్లలు పెక్కుమంది. కొత్త మందు నిరపాయకరమని చూపిన పిదపనే అమ్మవలెనను చట్టము ఆ దేశములో మరుసటి యేడే వచ్చినది. మన ఇంటి బీరువాలోని మాత్రలలో చాల భాగము ఏదో ఒక ఎలుకకు ఋణపడియే యున్నవి.

అయినను, మనుష్యునిపై మందును పరీక్షించునప్పుడు అతడు చదువుకొని, ఆలోచించుకొని, సమ్మతిపత్రముపై సంతకము చేయును. ఎలుక సంతకము చేయజాలదు. వలదనియు చెప్పజాలదు. దాని తరఫున మరియొకరు అడుగవలసియున్నది.

మన దేశములో ఇందుకు ఆధారము 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము. 1952లో రాజ్యసభకు నియమితురాలైన రుక్మిణీదేవి అరండేల్, నాట్యకళాకారిణిగా మనమెరిగిన ఆమెయే, పట్టుదలతో పార్లమెంటు ముందుంచిన బిల్లు దీనికి మూలము. ఈ చట్టము ప్రయోగములను మాన్పలేదు, హద్దులు గీచినది. చిన్న జంతువు చాలినచోట పెద్ద జంతువును వాడరాదు. పుస్తకములు, నమూనాలు, చలనచిత్రములు చాలినచోట ప్రాణిని తాకరాదు. కేవలము చేతివాటము నేర్చుకొనుటకై కోయుట సాధ్యమైనంతవరకు మానవలెను. మత్తులోనున్న జంతువు కోలుకొన్నచో తీవ్రమైన బాధకు లోనగుననిపించినప్పుడు, మత్తు విడకముందే దానికి ముగింపు కల్పింపవలెను. ఈ చట్టము క్రింద 1964లోనే కేంద్ర సంఘము ఏర్పడినది గాని, ప్రతి పరిశోధన సంస్థలోను నీతి సంఘముండవలెనను నియమములు వచ్చుటకు 1998 వరకు ఆగవలసివచ్చినది.

ఈ సంఘములో ఎనమండుగురుందురు. సంస్థలోని శాస్త్రవేత్తలు ముగ్గురు, పశువైద్యుడొకరు, జంతుశాలను చూచుకొను శాస్త్రవేత్త యొకరు, బయటి సంస్థ శాస్త్రవేత్త యొకరు, కేంద్ర సంఘము ప్రతినిధి యొకరు. ఎనిమిదవవారు శాస్త్రముతో నిమిత్తము లేనివారు, సమాజస్పృహ గల సామాన్యులు. మా దృష్టిలో ఈ ఎనిమిదవ కుర్చీయే ముఖ్యమైనది.

ఒక ఉదాహరణము కల్పించుకొందము. ఒక ఫార్మసీ కళాశాలలో పరిశోధకుడు నేరేడు గింజల సారము మధుమేహమునకు పనిచేయునేమో చూడదలచినాడనుకొనుడు. అతడు ముందుగా "ఫారం బి" అను పత్రమును నింపవలెను. ఎలుకలను అయిదు జట్లుగా చేయును. ఒక జట్టు ఆరోగ్యముగానుండును. మిగిలిన నాలుగింటికి క్లోమమును చెడగొట్టు మందునిచ్చి మధుమేహమును కలిగించును. వానిలో ఒకదానికి ఇప్పుడు వాడుకలోనున్న మందు, రెండింటికి రెండు మోతాదులలో గింజల సారము ఇచ్చును. మిగిలిన జట్టుకు ఏమియు ఇయ్యడు. జట్టుకు ఆరు చొప్పున ముప్పది ఎలుకలు.

పత్రము సంఘము ముందుకు వచ్చును. ఆరే ఎందుకు? నాలుగు చాలవా? ఇచ్చట వినువారికి వింతగా తోచు సంగతి యొకటి కలదు. ఎలుకలను తగ్గించుట ఎల్లప్పుడు దయ కాదు. నాలుగేసితో చేసి, ఫలితము అటో ఇటో తేలకపోయినచో, ఆ ఇరువదియు ఊరకే చచ్చినట్లు; మరల మొదటినుండి చేయవలెను. అందుచేత సంఖ్యకు గణితముతో సమాధానము చెప్పుమందురు.

పశువైద్యుని ప్రశ్న వేరు. ఏ మందును ఇయ్యని ఆ ఆరు ఎలుకల సంగతి యేమి? అవి రోజురోజుకును చిక్కిపోవును, అదేపనిగా నీళ్లు త్రాగును, పంజరములోని పొట్టు తడిసిపోవును. బరువు ఎంత తగ్గినచో ప్రయోగమునాపి వానికి బాధ లేకుండ ముగింపు కల్పింతువు? పొట్టును దినమునకు ఎన్నిమార్లు మార్చుదువు? రక్తము ఎన్నిమార్లు, ఎంతెంత తీయుదువు? పత్రములో "తగిన జాగ్రత్త తీసికొనబడును" అని వ్రాసినంతమాత్రమున చాలదు. ఈ వాక్యమునకు అంకెలు కావలెను.

అప్పుడు ఆ ఎనిమిదవవారు, బహుశః పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు, అడుగవచ్చును: "అయ్యా, నేరేడు గింజల పొడిని మా అమ్మమ్మ చక్కెర వ్యాధికి వాడెడిది. దీనిని ఇదివరకే ఎలుకలపై ఎందరో చూచిరని మీ పత్రములోనే వ్రాసినారు. మీరు చూడబోవు కొత్త సంగతి యేమి?"

ఈ ప్రశ్నకు బదులు చెప్పుట కష్టము. పట్టమునకై చేయు పరిశోధనలలో కొన్ని, కొత్తది తెలిసికొనుటకు గాక, పుస్తకము పూర్తిచేయుటకే జరుగుచున్నవని మా అభిప్రాయము. సంఘములోని మిగిలిన శాస్త్రవేత్తలు ఆ పరిశోధకుని సహోద్యోగులే. రేపు తమ పత్రమును అతడే చూడవచ్చును. మొగమాటము మనుష్యధర్మము. బయటివారిని కూర్చుండబెట్టినది ఇందుకే. ప్రతినిధి రానిచో సమావేశము చెల్లదను నియమమును ఇందుకే.

ఎలుక, చుంచెలుక, గినీపంది, కుందేలు వంటివానికి ఈ సంఘపు అనుమతి చాలును. కుక్క, కోతి, గొఱ్ఱె వంటి పెద్ద జంతువులైనచో సిఫారసు మాత్రమే చేసి, పత్రమును కేంద్ర సంఘమునకు పంపవలెను. ఇంగ్లండులో రస్సెల్, బర్చ్ అను నిరువురు 1959లో చెప్పిన మూడు సూత్రములు, అనగా వేరు మార్గముతో భర్తీ చేయుట, సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట, నేడు అన్నిచోట్లను కొలబద్దలైనవి. మన దేశములో సౌందర్యసాధనములను జంతువులపై పరీక్షించుట 2014లో నిషిద్ధమైనది. కొత్త మందుల నియమములు కూడ 2023లో సవరింపబడి, జీవకణములతోను కంప్యూటరుతోను చేయు పరీక్షలకు చోటిచ్చినవి. అయినను ముప్పది ఎలుకల ప్రశ్న ఇంకను మిగిలియే యున్నది.

మన పరిశోధకుని పత్రమునకు ఆనాడు అనుమతి దొరకలేదు, తిరస్కారమును కాలేదు. రెండు ప్రశ్నలు వ్రాసి తిరిగి పంపిరి: కొత్తదనమేమో చెప్పుము; మందియ్యని జట్టును ఏ దినమున, ఏ గుర్తును చూచి ఆపుదువో వ్రాయుము. అతడు విసుగుకొనుచు గదికి పోయి, పాత పరిశోధనలను మరల తిరుగవేయుచున్నాడు. అంతవరకు ఆ ముప్పది ఎలుకలును జంతుశాలలో మేత తినుచునే యున్నవి.