పాత గోడకు కొత్త సిమెంటు

ఉప్పలు నుండి నాచారము మీదుగా ఉత్తరమునకు పోవువారికి కార్ఖానాల ప్రహరీలు, అంతస్తుల మేడలు దాటిన పిమ్మట మౌలాలి గుట్ట కనబడును. గుట్టమీది దర్గా కుతుబ్‌షాహీల కాలము నాటిది. గుట్ట పాదమున నొక తోట, అందు రెండు సమాధులు కలవు. ఒకటి ఉర్దూ కవయిత్రి మహ్ లకా బాయి చందాది. రెండవది ఆమె తల్లిది. తల్లి కొరకు 1792లో ఆమెయే ఈ కట్టడమును నిర్మింపజేసినది. 1824లో మరణించిన పిదప ఆమెను అచ్చటనే సమాధి చేసిరి. 125 గజళ్ళను మనకు విడిచిపోయిన ఈ కవయిత్రికి అడిక్‌మెట్ ప్రాంతమున జాగీరు ఉండెడిది. ఉస్మానియా విశ్వవిద్యాలయము తరువాత ఆ సీమయందే వెలసినది. కావున ఉప్పలు, నాచారము వాసులకు ఆమె పొరుగింటి మనిషియే యని చెప్పవచ్చును.

ఈ సమాధి చాలకాలము ఆలనా పాలనా లేక పాడువడి యుండెను. 2010 ప్రాంతమున అమెరికా ప్రభుత్వ నిధుల సాయముతో సుమారు ఏడాదిపాటు పనిచేసి దీనిని ఉద్ధరించిరి. సంతోషమే. కాని ఉద్ధరించుట యనగా నేమి? పాత గుడికో, మసీదుకో, తాతలనాటి మిద్దెకో మరమ్మతు తలపెట్టినప్పుడు మనకు తోచునది ఒక్కటే: నాలుగు బస్తాల సిమెంటు తెప్పించి పూయించుట, పైన మెరిసెడి రంగు వేయించుట. సదుద్దేశముతో చేయు ఈ పనియే పెక్కు కట్టడములకు ముప్పు తెచ్చుచున్నది. ఏల యనునది నేడు విచారింతము.

పూర్వులు గోడలను డంగు సున్నముతో కట్టిరి. సున్నమును, ఇసుకను గానుగలో మెత్తగా నూరి, అవసరమును బట్టి ఇటుకపొడి, బెల్లపు నీరు, కరక్కాయ కషాయము చేర్చెడివారు. ఇట్టి గోడ గాలి పీల్చును. నేలనుండి ఎక్కిన చెమ్మ, వానకు ఇంకిన తడి సున్నపు పూత గుండా మరల ఆరిపోవును. సిమెంటు పూత అంత సులభముగా తడిని వెలికి పోనీయదు. పూతలోని సన్నని బీటల గుండా నీరు లోనికి పోవును. వెలికి వచ్చుటకు దారి ఉండదు. గోడలోని లవణములు పూత వెనుకనే గడ్డకట్టి, ఇటుకను, మెత్తని రాతిని పొడి చేయును. పైకి గోడ కొత్తగా కనిపించుచుండగనే లోపల గుల్లయగును. పదునేండ్ల తరువాత పూత ఊడి పడునప్పుడు పాత ఇటుక కూడ దానితో వచ్చును.

గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల యందు ఇదియే కన్నులార కనబడినది. 2013 నుండి ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో కలసి అచ్చట జరిపిన పనిలో, ఇరువదవ శతాబ్దమున పూసిన సిమెంటును గుమ్మటములపై నుండి ఒలిచి, మరల సున్నము పూయవలసి వచ్చెను. అనగా ఒక తరము చేసిన మరమ్మతును మరియొక తరము విప్పవలసి వచ్చినది.

1964లో వెనిస్ నగరమున సమావేశమైన నిపుణులు ఇట్టి పనులకు కొన్ని సూత్రములు ఏర్పరచిరి. వానిలో మన బోటివారికి కావలసినవి క్లుప్తముగా చెప్పెదము. కట్టడమునకు నిత్య సంరక్షణ మొదటిది. పాతదేదో తెలియనిచోట ఊహించి కట్టరాదు. వేర్వేరు కాలముల వారు చేర్చిన విలువగల భాగములను ఒక కాలము మీది మక్కువతో తొలగింపరాదు. చేసిన ప్రతి పనిని వ్రాసి, చిత్రించి భద్రపరచవలెను. ఉపయోగములో నున్న కట్టడము బ్రదుకును. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో తెరువబడినది. నేటికిని అందు పాఠములు సాగుచున్నవి. నిత్యము మనుషులు మసలు చోట కారుచున్న కప్పు ఎవరి కంటనైనను పడును.

ఇక మనము చేయదగిన పనులు. మృగశిర కార్తెకు ముందే మిద్దెపై ఆకులు ఊడ్చి, నీరు పోవు తూములు శుభ్రపరుపవలెను. వానలలో ఏ గోడ చెమర్చునో గుర్తు పెట్టుకొనవలెను. పిట్టగోడలో మొలచిన రావిమొక్కను రెండాకుల నాడే తీసివేయవలెను. అది ముదిరి వేరు దిగిన పిమ్మట బలిమిని పెరికినచో గోడయే చీలును. అప్పుడు కొమ్మలు నరికి, వేరును క్రమముగా చంపుటకు తెలిసినవారిని పిలువవలెను. బీట కనబడగనే పూడ్చక, దానికి అడ్డముగా పలుచని గాజుబిళ్ళ నతికించి చూడుడు. గాజు పగిలినచో గోడ ఇంకను కదలుచున్నదని అర్థము. కారణము కనుగొనక పూడ్చి ఫలము లేదు. సున్నపు గోడలకు వెల్లయే మేలు. నూనె రంగులు కూడ సిమెంటు వలెనే చెమ్మను లోపల బంధించును.

సున్నపు పని ఆలస్యమగును, ఖర్చగును, తెలిసిన మేస్త్రీలు దొరకరు అని మీరనవచ్చును. నిజమే. సున్నము గాలిని గ్రహించి మెల్లగా గట్టిపడును. అంతవరకు ఎండదెబ్బ తగులకుండ తడుపుచుండవలెను. కాని పని అడుగువారు లేకనే కదా మేస్త్రీలు కరవైరి! 2017లో తెలంగాణలో వారసత్వ చట్టము వచ్చినది. చట్టమున కెక్కిన కట్టడములు కొన్నియే; ఎక్కనివి మన వీధులలో నున్నవి. వాని మరమ్మతును నిశ్చయించునది ఆలయ ధర్మకర్తయో, మసీదు కమిటీయో, ఇంటి యజమానియో. వచ్చు వేసవిలో అట్టి సమావేశమునకు మీరు పోవుట తటస్థించినచో, సిమెంటు లెక్క వేయుటకు ముందు, ఈ గోడను పూర్వులు దేనితో కట్టిరని ఒక్క ప్రశ్న అడుగుడు.