తలుపుకు వార్నీషు
(మహిళల సమావేశంలో ఒక వడ్రంగి ఇంటి ఆడపడుచు చేసిన ప్రసంగం)



నేను చదువు గురించి చెబుతానని మీరు అనుకొని ఉంటారు. కానీ తలుపు గురించి చెబుతాను. మాది వడ్రంగి ఇల్లు. కర్ర కోసే పని మా నాన్నది. వార్నీషు వేసే పని మా అమ్మది, నాది.

కొత్త తలుపు పెట్టగానే పసుపు రాస్తాం, బొట్లు పెడతాం. చూడ్డానికి బాగుంటుంది. కానీ పసుపు వానను ఆపదు. కర్ర వానకు నీరు తాగి ఉబ్బుతుంది. అప్పుడు తలుపు మూసుకోదు. ఎండకు ఆ నీరు పోతుంది. కర్ర కుంచించుకుపోయి పగులుతుంది. ఏటా ఇదే తంతు. చివరికి తలుపు అడుగు పుచ్చిపోతుంది. ఈ తాగుడు మాన్పించేదే వార్నీషు.

నవ్వుతున్నారా? నవ్వండి. నెల్లూరు జిల్లా దూబగుంట అక్కలు 1990ల మొదట్లో అక్షరాలు నేర్చుకుంటూ సారా మీద పోరాడారు. మనం కనీసం తలుపు చేత మాన్పిద్దాం.

వార్నీషులో ఏముంటుంది? జిగురు, నూనె, పలచన చేసే టర్పెంటైను. ఇప్పుడు నీళ్లతో కలిపేవి కూడా వచ్చాయి. రంగు వేస్తే కర్ర కనబడదు. వార్నీషు వేస్తే కర్రలోని గీతలు అద్దంలో చూసినట్టు కనబడతాయి.

మన అడవుల్లో కూడా ఒక వార్నీషు పుడుతుంది. అదే లక్క. మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు ఉంటాయి. వాటి ఒంట్లోంచి వచ్చే జిగురే లక్క. దాన్ని స్పిరిట్‌లో కరిగిస్తే పాలిష్ అవుతుంది. ఏటికొప్పాక బొమ్మలు చూశారా? అంకుడు కర్రను తిప్పుతూ, దానికి రంగు లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. బ్రష్షు అక్కర్లేదు! పసుపు, జాఫ్రా గింజలు, నీలి ఆకు నుంచి రంగులు తీస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇక పని. ముందు ఎమరీ కాగితంతో కర్రను రుద్దండి. గీతలు ఎటు ఉంటే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గాట్లు పడతాయి. దుమ్ము తుడిచి పలచగా ఒక పూత వేయండి. బాగా ఆరనివ్వండి. మళ్లీ మెల్లగా రుద్ది రెండో పూత, అలాగే మూడోది. ఒక్కసారే మందంగా పూస్తే కారుతుంది, లోపల ఆరదు. ముసురు పట్టిన రోజున వేయవద్దు.

ఒక సంగతి మరచిపోవద్దు. తలుపు ముందు వెనకలు అందరూ పూస్తారు. పై అంచు, కింది అంచు ఎవరికీ కనబడవు గనుక వదిలేస్తారు. కర్ర ఎక్కువ నీరు తాగేది కోసిన కొసల నుంచే. తలుపు బిగించకముందే ఆ అంచులకు పూయాలి. కూలికి పిలిచినవాళ్లు వదిలేస్తే దగ్గరుండి చేయించండి. డబ్బు మనది.

వార్నీషు వేస్తే చెదలు రావంటారు కొందరు. అది నిజం కాదు. చెద నేలలోంచి, గోడలోంచి వస్తుంది. దానికి మందు వేరు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగినది చెబుతాను. మిగిలిన టర్పెంటైనును సోడా సీసాలో పోసి గూట్లో పెట్టాం. నాలుగేళ్ల మా తమ్ముడు నీళ్లనుకొని తాగాడు. మా అమ్మ వాడి నోట్లో వేలు పెట్టి కక్కించబోయింది. పక్కింటి పెద్దమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. వాంతి అయితే ఆ మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది ఇంకా ప్రమాదం. కిరోసిన్‌ తాగినా ఇంతే. కక్కించకుండా, సీసా కూడా తీసుకొని వెంటనే ఆసుపత్రికి పోవాలి. వాడు బతికాడు. కానీ వారం రోజులు మంచం మీదే ఉన్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఏదీ సోడా సీసాలో పోయం. దాని డబ్బాలోనే ఉంటుంది. దాని మీద మా అమ్మ "విషం" అని పెద్ద అక్షరాలతో రాసింది. ఆమె ఇంటి కోసం రాసిన మొదటి మాట అదే.

నూనె వార్నీషు తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ముద్దలోంచి ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకపోయినా అంటుకోవచ్చు. ఆ గుడ్డలను విడివిడిగా ఆరుబయట ఆరేయండి. పని చేసేటప్పుడు కిటికీలు తెరవండి. దగ్గరలో పొయ్యి, బీడీ ఉండకూడదు.

ఎమరీ కాగితం తెచ్చాను. ఈ బల్లను వాకిట్లోకి పట్టండి, చేసి చూపిస్తాను.