ఎకరాల లెక్క చూసి డిస్కు హారో

కర్ణాటకలో హోసూరు రోడ్డు పక్కన చందాపుర చుట్టూ ఇప్పుడు అపార్టుమెంట్లే ఎక్కువ. అయినా ఆనేకల్ తాలూకాలో రాగులు పండించే చిన్న కమతాలు ఇంకా ఉన్నాయి. ఆ రైతులు తరచూ అడిగే ప్రశ్న: డిస్కు హారో కొనాలా, వద్దా?

రోటవేటరులా డిస్కు హారోకు ట్రాక్టరు ఇంజను నుంచి తిప్పే శక్తి అక్కర్లేదు. లాగుతుంటే డిస్కులు వాటంతట అవే తిరిగి, గడ్డలు చితక్కొట్టి, కలుపును, మోళ్లను నరుకుతాయి. కదిలే భాగాలు తక్కువ కాబట్టి మరమ్మతు ఖర్చూ తక్కువే. 35 హార్స్‌పవర్ ట్రాక్టరుకు సాధారణంగా 12 డిస్కులు సరిపోతాయి. డాబుకు పోయి పెద్దది తగిలిస్తే డీజిలు తాగుతుంది, చక్రాలు జారతాయి.

పాతది కొనేటప్పుడు రంగు చూడకండి. రంగు కింద ఏముందో ఎవరికి తెలుసు? హారోను పైకెత్తించి ఒక్కో డిస్కునూ చేత్తో ఊపండి. లొడలొడలాడితే బేరింగు పోయి ఉండొచ్చు. ఇరుసు వంగిందేమో తిప్పి చూడండి. కొత్త డిస్కు వ్యాసంతో పోల్చి అరుగుదల కొలవండి. డిస్కులు మార్చుకోవచ్చు, వంగిన ఫ్రేముతో మాత్రం వేగలేం.

రెండు మూడెకరాలవారు అసలు కొనకపోవడమే మేలని నా అభిప్రాయం. ఏడాదిలో దానికి పని కొద్ది గంటలే. కర్ణాటకలో హోబళి (కొన్ని గ్రామాల సముదాయం) స్థాయిలో నడిచే ‘కృషి యంత్రధారె’ కేంద్రాలు పనిముట్లను అద్దెకిస్తాయి. కొనాలనే అనుకుంటే ముందు రైత సంపర్క కేంద్రంలో సబ్సిడీ సంగతి కనుక్కోండి, ఆ తర్వాతే డీలరుకు అడ్వాన్సు ఇవ్వండి.