విమానము వెనుకటి సుడిగాలి

గోదావరిలో పెద్ద లాంచి యొకటి సాగిపోయిన తరువాత, రేవున కట్టియున్న చిన్న పడవలు ఊగుట మనలో చాలమంది చూచినదే. పడవ ఊగునప్పటికి లాంచి ఎంతో దూరము పోయియుండును. ఆకాశమునందును ఇట్టిదే జరుగును. అయితే నీటిమీది అల కంటికి కనబడును; పడవవాడు గడవేసి నిలదొక్కుకొనును. గాలిలోని అల కనబడదు. చిక్కంతయు అక్కడనే యున్నది.

విమానమును మోయునది రెక్క. ఎగురునపుడు రెక్క క్రింద గాలి ఒత్తిడి హెచ్చు, పైన తక్కువ. అందుచేత క్రిందిగాలి రెక్క కొనను చుట్టుకొని పైకి ఎగబ్రాకును. ఈ విధముగా ఎడమ కొననుండి యొకటి, కుడి కొననుండి యొకటి, ఒకదానికొకటి ఎదురుగా తిరుగు రెండు సుడులు విమానము వెనుక పొడవైన మోకులవలె సాగును. ఇవి ఇంజనులు చిమ్మిన గాలియని కొందరనుకొందురు, అది సరికాదు. రెక్క బరువు మోయుచున్నంతసేపు సుడులు పుట్టుచునే యుండును; చక్రములు నేలనంటి, బరువు వానిమీదికి దిగిన పిమ్మట అవి పుట్టవు. విమానమెంత బరువైనదో, ఎంత మెల్లగా పోవునో, సుడులకు అంత బలము. దిగవచ్చు విమానము మెల్లగా పోక తప్పదు గదా!

1972 మే 30వ తేదీన అమెరికాలో ఫోర్ట్‌వర్త్ నగరము చెంతనున్న విమానాశ్రయమున ఒక డీసీ-9 విమానము శిక్షణలో భాగముగా దిగుచుండెను. దానికి ముందు, అంతకంటె ఎంతో పెద్దదైన డీసీ-10 అదే రన్‌వేను తాకి మరల పైకి లేచినది. వెనుకనున్న విమానము రన్‌వే చేరబోవుచు హఠాత్తుగా ప్రక్కకు ఒరిగి, రెక్క నేలను తాకి కూలినది. అందున్న నలుగురును మరణించిరి. ఆ తరువాత అమెరికాలో విమానముల నడుమ దూరమును గూర్చిన నియమములను మరింత బిగించిరి.

సామాన్యముగా రాడార్ సాయముతో దిగు రెండు విమానముల నడుమ మూడు నాటికల్ మైళ్ళు చాలును. అంతర్జాతీయముగా చిరకాలము నడచిన లెక్క ప్రకారము, 1,36,000 కిలోగ్రాముల బరువునకు తగ్గని భారీ విమానము వెనుక మధ్యరకపు విమానము వచ్చునెడల ఐదు మైళ్ళు, అనగా తొమ్మిది కిలోమీటర్లకు పైగా, ఎడముండవలెను. చిన్న విమానమునకు ఆరు మైళ్ళు. తరువాత అనేక విమానాశ్రయములలో ఇంతకంటె సూక్ష్మమైన తరగతులు వచ్చినవి. లోపల కూర్చున్న ప్రయాణికుడు గడియారము చూచుకొనుచు విసుగుకొనుట సహజమే. కాని ఆ ఖాళీ ఆకాశము నిజముగా ఖాళీ కాదు.

రెండు రన్‌వేలు ప్రక్కప్రక్కన నిర్మించినచో ఈ చిక్కు తీరునా? వాని నడిమి గీతల మధ్య 760 మీటర్లు లేనిచో, సుడుల లెక్కకు రెండును ఒకటే రన్‌వే. శాన్‌ఫ్రాన్సిస్కోలో సముద్రపు పాయ అంచున నున్న జంట రన్‌వేల నడుమ దూరము 750 అడుగులు, మన లెక్కలో సుమారు 230 మీటర్లు మాత్రమే.

నేలకు చేరువైన సుడి ఇక దిగజాలక ప్రక్కకు జరుగును. గాలి లేనపుడు దాని వేగము సెకనుకు మీటరు, మీటరున్నర. గంటకు 9 కిలోమీటర్ల చిరుగాలి ప్రక్కనుండి తోడైనచో సెకనుకు నాలుగు మీటర్లగును. 230 మీటర్లను నిమిషములోపుగనే దాటును. దిగు విమానము ఆ నిమిషములో నాలుగు కిలోమీటర్లకు పైగా వచ్చును. అనగా రెండవ రన్‌వేకు అంత దూరమున వెనుక వచ్చునది, తాను చూడని సుడిలోనికి పోవచ్చును. ఇంకను మెల్లని గాలియైనచో మరియొక చిక్కు: గాలి వచ్చువైపు సుడి ప్రక్కకు పోజాలక, పుట్టిన రన్‌వే మీదనే నిలిచిపోవును. పెనుగాలి సుడులను త్వరగా చీల్చివేయును. మనకు హాయినిచ్చు మందమారుతమే పైలటునకు అనుమానము కలిగింపవలసిన గాలి.

వినుటకు వింతగా ఉండవచ్చునుగాని, ఇట్టి చోట చాల దగ్గరగా వచ్చుటయు ఒక రక్షణయే. రెండు విమానములు దాదాపు జంటగా దిగినచో, ఒకదాని సుడి ప్రక్కదారికి చేరులోపల రెండవది నేలమీద ఉండును. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎన్నో యేండ్లు, ఆకాశము నిర్మలముగా ఉన్నపుడు ఇట్లు జంటలుగా దించిరి. ప్రక్క విమానము కనబడుచున్నదని పైలటు చెప్పి, ఎడము కాచుకొను బాధ్యతను తానే వహించెడివాడు. మబ్బు క్రిందికి దిగి ఆ చూపు పోయినదా, గంటకు సుమారు 60 విమానములు దిగుచోట 30 మాత్రమే దిగెడివి. తక్కినవి దూరపు ఊళ్ళలోనే బయలుదేరక ఆగెడివి.

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌వారికి ఇదే కష్టము. అక్కడి పాత జంట రన్‌వేల ఎడము 518 మీటర్లు. సుడులను కనిపెట్టుటకు, వాని పోకను ముందుగా లెక్కగట్టుటకు అచ్చట ఎన్నో యేండ్లు పరిశోధనలు సాగినవి. తుదకు 2011 అక్టోబరులో, ఉత్తరపు రన్‌వేకు 1,400 మీటర్ల దూరమున, దిగుటకు మాత్రమే ఉపయోగించు మరొక రన్‌వేను తెరచిరి.