మీట ఎవరి చేతిలో ఉంది?

(మొఘల్‌పురాలో మహిళా బృందాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాతబస్తీ మీద కెమెరాలకు కొదవ లేదు. వీధి మలుపుల్లో పోలీసు కెమెరాలున్నాయి. ఎన్నికలప్పుడు, ఉద్రిక్తతలప్పుడు టీవీ కెమెరాలొస్తాయి. చార్మినార్‌నూ, గాజుల దుకాణాలనూ, బురఖాలనూ చూపించి వెళ్ళిపోతాయి. ఇంట్లో కూర్చుని జర్దోజీ పని చేసే స్త్రీకి, గాజులకు రాళ్ళు అద్దే స్త్రీకి కూలి ఎంత గిడుతుందో ఆ బొమ్మల్లో ఉండదు. అందుకే మన సమావేశాలను మనమే ప్రత్యక్ష ప్రసారం చేసుకోవాలన్న మీ ఆలోచన కేవలం సాంకేతిక విషయం కాదు. ఎవరు ఎవరిని చూపిస్తారన్నది అధికారానికి సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రశ్న మనకంటే ముందు వేసినవాళ్ళున్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1990ల చివర్లోనే వీడియో కెమెరా పట్టారు. పైనుంచి కిందికి చూసే కోణానికి వాళ్ళు పెట్టిన పేరు 'పటేల్ షాట్'. కళ్ళకు సమానమైన ఎత్తులో తీసేది 'సంఘం షాట్'. 2008 అక్టోబర్ 15న మాచనూరులో సంఘం రేడియో కూడా ప్రారంభించారు.

అప్పట్లో రెండు మూడు కెమెరాల మధ్య దృశ్యం మార్చే యంత్రాలు ఎక్కువగా టీవీ సంస్థల వంటి వాళ్ళ దగ్గరే ఉండేవి. ఇవాళ మూడు పాత ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ చాలు. ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ స్టూడియో ఉచితంగా వస్తుంది. డ్రాయిడ్‌క్యామ్ వంటి యాప్ ద్వారా ఫోను దానికి కెమెరా అవుతుంది. శబ్దం ఒక్క మైకు నుంచే తీసుకోవాలి, లేకపోతే ప్రతిధ్వని వస్తుంది. ఫోన్లన్నీ చార్జింగులో ఉంచాలి. ఖర్చంతా డేటాదే. సెకనుకు 3 మెగాబిట్ల చొప్పున రెండు గంటలు పంపితే దాదాపు 2.7 జీబీ అవుతుంది. యూట్యూబ్‌లో లైవ్ సౌకర్యం మొదటిసారి తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టొచ్చు కనుక ముందురోజే చూసుకోవాలి.

అయితే మూడు కెమెరాలు ఎందుకు? అందం కోసం కాదు. ఒక్క కెమెరా ఉంటే స్త్రీకి రెండే దారులు: ముఖం చూపించడం, లేదా మాట్లాడకుండా ఉండిపోవడం. రెండో ఫోను ఆమె చేతుల మీద, మూడోది సభ వెనకనుంచి పెడితే ఇంకో దారి దొరుకుతుంది. "నా మాట పోనీ, ముఖం వద్దు" అని ఒక ఆపా అంటే, మీట దగ్గర కూర్చున్నామె దృశ్యం మార్చగలదు.

ఈ జాగ్రత్త అతిశయం కాదు. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరిలో 'బుల్లీ బాయి' అనే యాప్‌లు ముస్లిం స్త్రీల ఫొటోలను వాళ్ళకు తెలియకుండా వేలానికి పెట్టినట్టు చూపించి అవమానించాయి. నోరు విప్పిన స్త్రీలనే ఏరి మరీ పెట్టారు. అలాగని కెమెరా మూసేస్తే వాళ్ళు కోరుకున్నదే జరుగుతుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. ఇంటర్నెట్ ద్వారా చేసే భావప్రకటనకూ రాజ్యాంగ రక్షణ ఉందని 2020 జనవరి 10న చెప్పింది. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలన్న షరతు మనకెందుకు?

కనుక కొన్ని నియమాలు ప్రతిపాదిస్తున్నాను. ఎవరు కనబడాలి, ఎవరు వినబడాలి అన్నది ప్రసారానికి ముందే, ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. పదిమందిలో అడిగితే "వద్దు" అనడం కష్టం. ఓబీఎస్‌లో ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆలస్యం చేసే ఏర్పాటుంది, అది వాడాలి. చాట్ మూసి ఉంచాలి. ఇంట్లో హింస గురించి చెప్పే స్త్రీని లైవ్‌లో పెట్టొద్దు. గొంతును బట్టి కూడా మనిషిని పోల్చుకుంటారు. ఆమె మాట రికార్డు చేసి, ఆమెకే చూపించి, తర్వాత ఆమె చెప్పినట్టు చేయాలి. ప్రసారం అయ్యాక వీడియో ఉంచాలా తీసేయాలా అన్నదీ అందులో ఉన్నవాళ్ళే తేల్చాలి.

చివరిగా, మీట దగ్గర ఎప్పుడూ ఒకే మనిషి కూర్చోవద్దు. చదువుకున్నామెకో, ల్యాప్‌టాప్ ఉన్నామెకో ఆ కుర్చీ శాశ్వతమైతే మనలోనూ పటేల్ షాట్ తయారవుతుంది. వంతులవారీగా అందరూ నేర్చుకోండి.