రాలిన ఆకులలో పరిగె
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము లేవీయకాండము 19వ అధ్యాయము 9, 10 వచనములు ధ్యానించుదము. బైబిలు దగ్గరుంటే తెరచి చూడండి.

పొలము కోయు రైతు చివరి గట్టు వరకు ఊడ్చి తీసికొనరాదని దేవుడు ఇక్కడ ఆజ్ఞాపించెను. రాలిన పరిగె బీదలది, పరదేశులది. పొలము నీదే, పంట నీదే. అయినా నేల మీద పడినదంతా నీది కాదు. రూతు బేత్లెహేములో బ్రదికినది ఈ ఆజ్ఞ వలననే గదా!

"అయ్యగారూ, మాకు పొలమెక్కడిది?" అంటారేమో. ఇంటి ముందు వేపచెట్టు ఉన్నదా? చర్చి ఆవరణలో కానుగో, బాదమో ఉన్నదా? పాశ్చాత్య దేశములలో ఆకులు అక్టోబరు, నవంబరులలో రాలును. మనకు సంక్రాంతి దాటినది మొదలు ఉగాది వరకు, ఇంచుమించు లెంటు దినములలోనే. అప్పుడు మనమేమి చేయుచున్నాము? ఆదివారము ఆరాధనకు ఆవరణ శుభ్రముగా ఉండాలని శనివారము ఊడ్పించి, కుప్ప వేసి, నిప్పు పెట్టిస్తాము. మట్టి బోడిగా కనబడితేనే శుభ్రమని మనకెవరు నేర్పారో గాని, పరిశుద్ధ గ్రంథము మాత్రము నేర్పలేదు.

ఆ కుప్ప పక్కన నిలబడేది ఎవరు? చీపురు పట్టిన తల్లి. మండీ మండని ఆకుల నుండి సన్నని నుసి, కార్బన్ మోనాక్సైడ్ వెలువడును. ఆమె ఊపిరితిత్తులలోనికి, పక్కవీధిలో ఉబ్బసముతో మంచము మీదున్న పెద్దాయన ఊపిరితిత్తులలోనికి అవి పోవును. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆరుబయట చెత్త కాల్చుటను నిషేధించి, మామూలుగా కాల్చితే 5,000, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. జరిమానాకు భయపడి మానండని నేను చెప్పుట లేదు. పొరుగువాని శ్వాస సంగతి చెప్పుచున్నాను.

ఇక మన పరిగె సంగతి. చెట్టు ఆకును ఊరకే పారవేయదు. రాల్చక ముందే అందులోని నత్రజనిలో, భాస్వరములో చాలా భాగము వెనుకకు తీసికొనును. ఆకు పసుపెక్కుట అందుకే. మిగిలిన కాల్షియము మొదలైనవి నేలకు విడిచిపెట్టును. వానపాములు, బూజులు, కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ పరిగె ఏరుకొని దానిని మట్టిగా మార్చును. గోరింకలు ఆకులు తిరగేసి పురుగులు ఏరుకొనును. ఏప్రిల్, మే ఎండలలో ఆ ఆకుల దుప్పటి క్రింద నేల చల్లగా ఉండి తడి నిలుచును. నీళ్ల ట్యాంకరు కొరకు ఎదురుచూచే పేటలలో మొక్కకు పోసిన రెండు చెంబుల నీరు ఆవిరైపోకుండా ఉండుట చిన్న మేలా?

కానుగ ఆకు త్వరగా కుళ్లును. మన రైతులు ఎప్పటినుండో దానిని పొలానికి ఎరువుగా వేస్తారు. మామిడి, టేకు ఆకులు నిదానము. రెండు మూడు అంగుళముల మందము చాలును. ఎండుటాకులను మట్టిలో కలిపి దున్నవద్దు, కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని కొంతకాలము లాగుకొనును. పైనే పరచండి. చెట్టు మొదలుకు ఆనించక జానెడు దూరము విడువండి. గుమ్మము దగ్గర, పిల్లలాడే చోట కుప్పలు ఉంచవద్దు. తేళ్లు, పాములు చేరును. కాలువలో పడినవి తీసివేయాలి. తెగులు పట్టిన గులాబీ ఆకులను వేరు చేయండి.

లూకా 13వ అధ్యాయములో మూడేండ్లు కాయని అంజూరపు చెట్టును నరకమన్నప్పుడు, తోటమాలి మరొక సంవత్సరము గడువడిగి, చుట్టు త్రవ్వి ఎరువు వేస్తానన్నాడు. నాకు ఆ తోటమాలి చాలా ఇష్టము. అతడు క్రొత్త చెట్టును అడుగలేదు, ఉన్న చెట్టు మొదట్లోని మట్టి వైపు చూచాడు.

సంఘ పెద్దలారా, వచ్చే శనివారము ఆవరణలో ఒక మూలను దీనికి విడువండి. ఊడ్చే తల్లికి ముందుగా చెప్పండి, లేకపోతే పని సరిగా చేయలేదని ఎవరో ఒకరు ఆమెను గద్దిస్తారు.

ప్రార్థన చేసికొందము. తండ్రీ, మా ఆవరణలను ఊడ్చే చేతులను, పొగకు అలసిన ఊపిరులను నీకు అప్పగించుచున్నాము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.