అర్తాషెస్ వంశం: ఆర్మేనియా తొలినాటి రాజుల కథ



క్రీ.పూ. 190 ప్రాంతంలో మెగ్నీషియా దగ్గర సెల్యూసిడ్ చక్రవర్తి మూడవ అంతియోకస్ రోము సేనల చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. ఇదే అదనుగా, ఆర్మేనియాలో ఆయన తరఫున పెత్తనం చేస్తున్న సేనాని అర్తాషెస్ తానే రాజునన్నాడు. రోము సరేనంది. ఆయన వంశం సుమారు 200 ఏళ్లు ఏలింది.

అరాక్స్ నది ఒడ్డున ఆయన కట్టిన రాజధాని అర్తాషత్. ఆ చోటు చూపించింది రోముకు బద్ధశత్రువైన హానిబల్ అని ప్లూటార్క్ రాశాడు. నమ్మడం మన ఇష్టం. అర్తాషెస్ పాతించిన హద్దురాళ్లు మాత్రం సెవాన్ సరస్సు పరిసరాల్లో నిజంగానే దొరికాయి. వాటిపై రాత అరమాయిక్‌లో ఉంది. ఆర్మేనియన్ భాషకు అప్పటికింకా లిపి లేదు మరి.

ఈ వంశంలో పెద్ద పేరు రెండవ టిగ్రానుది. ఇరాన్‌ను ఏలుతున్న పార్థియన్ల దగ్గర బందీగా ఉండి, 70 లోయలు వాళ్లకు ధారపోసి బయటపడ్డాడు. తర్వాత వాటిని తిరిగి లాక్కోవడమే కాదు, సిరియా దాకా గెలిచి రాజాధిరాజు అనిపించుకున్నాడు. రోము చేతిలో ఓడి తన పంచన చేరిన మామగారు, పొంటస్ రాజు మిత్రదాతును అప్పగించమని రోము అడిగితే కుదరదన్నాడు. ఫలితం, క్రీ.పూ. 69లో లుకుల్లస్ దండయాత్ర. మూడేళ్లకు పాంపే వచ్చేసరికి ఈ రాజాధిరాజు కిరీటం తీసి అతని ముందు పెట్టాడు, 6,000 టాలెంట్ల వెండి కట్టాడు, కన్నుమూసేదాకా సింహాసనం మీదే ఉన్నాడు. పిరికితనం అనేవాళ్లున్నారు. నేను లౌక్యమంటాను.

కొడుకు అర్తవజ్ద్‌కు అది అబ్బలేదు. ఆయన గ్రీకులో విషాద నాటకాలు రాసిన రాజు. క్రీ.పూ. 53లో, చెల్లెలికి పార్థియన్ యువరాజుతో సంబంధం కుదిరి, ఆర్మేనియా కొలువులో విందు జరుగుతోంది. యూరిపిడిస్ నాటకం నడుస్తుండగా, కర్హేలో పార్థియన్ల చేతిలో చచ్చిన రోము సేనాని క్రాసస్ తల తెచ్చి పడేశారు. నటుడు దాన్నే చేతబట్టి పాత్ర ఆడేశాడట! క్రాసస్‌కు మొదట సాయం చేస్తానన్నదీ ఈ రాజే.

రోము మరిచిపోలేదు. క్రీ.పూ. 34లో రోము సేనాని ఆంటోనీ ఆయన్ను మాటలతో రప్పించి, సంకెళ్లు వేసి అలెగ్జాండ్రియాలో ఊరేగించాడు. క్లియోపాత్రా ముందు సాగిలపడమంటే అర్తవజ్ద్ పడలేదు, పేరు పెట్టి పిలిచాడు. కొన్నేళ్లకు ఆమె తల తీయించింది. ఆయన నాటకాల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఆ తర్వాతి రాజులను నిలబెట్టిందీ పడగొట్టిందీ ఎక్కువగా రోము, పార్థియాలే. క్రీస్తుశకం తొలి ఏళ్లకే వంశం అంతరించింది. క్రీ.శ. 66లో రోము నగరంలో నీరో చేత ఆర్మేనియా కిరీటం పెట్టించుకున్న తిరిదాతు పార్థియన్ల అర్షక వంశీకుడు. వాళ్ల కథకు మరో ప్రసంగం కావాలి.